పాత సచిత్ర పత్రికల సేకరణ: అటక మీంచి బీరువా దాకా

"మా తాతగారి అటక మీద పాత చందమామల కట్ట దొరికింది, ఏం చేయమంటారు?" రాజాం నుంచి ఒకరు, బొబ్బిలి నుంచి ఒకరు, ఇచ్ఛాపురం నుంచి ఇంకొకరు ఇదే అడుగుతుంటారు. వెంటనే వచ్చే రెండో ప్రశ్న "ఎంతొస్తుందండీ?" మూడోది "ఇలాంటివి ఇంకా ఎక్కడ దొరుకుతాయి?" మూడింటికీ ఒకేచోట జవాబు రాసి పెడదామని ఇది.

ముందే ఒక మాట. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత పత్రికలు సంపాదించడం పెద్ద కష్టం కాదు. వాటిని నిలబెట్టడమే కష్టం. ఉప్పుగాలి, వానాకాలపు చెమ్మ, చెదలు, ఏడాది విడిచి ఏడాది తుపాను. ఇంత మందిని కాదని ఒక కాగితం అరవై ఏళ్లు బతకాలంటే మనిషి పూనుకోవాలి. అందుకే తక్కువ కొనండి, పూర్తిగా ఉన్నవే కొనండి, కొన్నవాటిని జాగ్రత్తగా దాచండి. కింద చెప్పేదంతా దాని గురించే.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- భూతద్దం. పది రెట్లు పెద్దగా చూపించేది మేలు. నగల పనివాళ్లు కంటికి పెట్టుకునే అద్దమైనా సరే.
- రెండంగుళాల మెత్తటి కుంచె, పెయింటు షాపులో కొన్న కొత్తది.
- మెత్తటి పెన్సిలు. పెన్ను దగ్గర పెట్టుకోకండి, చెయ్యి ఊరుకోదు.
- బట్టల షాపులో చొక్కాలకు వేసి ఇచ్చే గలగలలాడే పారదర్శక కవర్లు. ఇవి పాలీప్రొపిలీన్‌వి, కాగితానికి హాని చేయవు. ప్యాకింగ్ సామాన్లు అమ్మే కొట్లో కట్టలుగా దొరుకుతాయి. మెత్తగా ఉండి, ముక్కు దగ్గర పెడితే ఘాటు ప్లాస్టిక్ వాసన వచ్చేవి పీవీసీవి. అవి వద్దు, కొన్నేళ్లకు అట్టమీది రంగును పట్టుకుని అంటుకుపోతాయి.
- పత్రిక సైజుకు కోసిన అట్టముక్కలు. యాసిడ్ లేని అట్ట దొరక్కపోతే మామూలు అట్టకు, పత్రికకు మధ్య మంచి తెల్లకాగితం ఒకటి పెట్టండి.
- తేమ పీల్చుకునే నారింజ రంగు సిలికా జెల్, చిన్న డిజిటల్ తేమ మీటరు.
- స్టీలు బీరువాలో ఒక అర, ఒక నోటుపుస్తకం.

గ్లౌజులు కావాలా అని అడుగుతారు. అక్కర్లేదు. పెళుసెక్కిన కాగితం అంచు గ్లౌజుకు తగులుకుని విరుగుతుంది. సబ్బుతో కడిగి బాగా ఆరబెట్టుకున్న చేతులు చాలు.

1. ఏం సేకరించాలో తేల్చుకోండి

"పాత పత్రికలన్నీ" అని మొదలుపెడితే అది సేకరణ అవదు, గోదాము అవుతుంది. రెండేళ్లు తిరిగేసరికి ఇంట్లో గొడవ కూడా మొదలవుతుంది. ఒక గీత గీసుకోండి.

ఒక చిత్రకారుణ్ణి పట్టుకోవచ్చు. వడ్డాది పాపయ్య 1921లో పుట్టింది శ్రీకాకుళంలోనే. చందమామ అట్టల మీద వపా సంతకంతో ఆయన వేసిన బొమ్మలు, యువ, స్వాతి లాంటి పత్రికల్లో వచ్చిన చిత్రాలు కలిపితే ఒక జీవితానికి సరిపడా పని. బాపు బొమ్మల కోసమైతే పాత ఆంధ్రపత్రిక వారపత్రికలు వెతకాలి. లేదా దీపావళి, సంక్రాంతి, ఉగాది ప్రత్యేక సంచికలు మాత్రమే తీసుకోవచ్చు. చాసో, కాళీపట్నం రామారావు లాంటి మన ప్రాంతపు రచయితల కథలు మొదటిసారి అచ్చయిన సంచికలను బొమ్మలతో సహా వెతికేవాళ్లూ ఉన్నారు. సినిమా ఇష్టమైతే 1966లో మొదలైన విజయచిత్ర ఉంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా: 1970ల చందమామ, ఏదైనా ఒక ఏడాది, పన్నెండు సంచికలూ. దొరుకుతాయి, ధర చేతికి అందుతుంది, పన్నెండు పూర్తయ్యేలోపు కింద చెప్పే పరీక్షలన్నీ చేతికి అలవాటవుతాయి. చందమామ మొదటి సంచిక 1947 జులైది, దానిమీదే అందరి కన్నూ. అక్కణ్ణుంచి మొదలుపెట్టకండి. బాల (1945), తొలినాళ్ల భారతి (1924) కూడా అంతే. అనుభవం రాకముందు అరుదైన వాటి జోలికి వెళ్తే నకళ్లు తగిలే అవకాశమే ఎక్కువ.

2. వెతకడం

పాత పేపర్లు కొనే కొట్లతో మొదలుపెట్టండి. ఇక్కడ కాలం ముఖ్యం. సంక్రాంతికి ముందు మనవాళ్లు ఇళ్లు దులుపుతారు. అటక మీది గోనెసంచులు కిందికి దిగేది అప్పుడే. కొన్ని కొట్టుకు వెళ్తాయి, కొన్ని నేరుగా భోగి మంటలోకి వెళ్తాయి. కాబట్టి డిసెంబరులోనే మీ వీధిలో, బంధువుల్లో మాట వేసి ఉంచండి. పాత పెంకుటిల్లు పడగొట్టి అపార్టుమెంటు కడుతున్నారని తెలిస్తే సామాను సర్దే రోజే వెళ్లి అడగండి, మర్నాడు కాదు.

కొట్లో అడిగేటప్పుడు "పాత చందమామలున్నాయా?" అనకండి. అన్న మరుక్షణం ధర మారిపోతుంది. "పాత పుస్తకాల కట్టలేమైనా వచ్చాయా?" అని అడిగి, మొత్తం కట్ట విప్పి చూడనివ్వమనండి. "ఏటి మాస్టారూ, ఈ కాయితాల్లో ఏటుంది? తూకమేసి పట్టుకెళ్లండి" అనే కొట్టు మంచి కొట్టు. అక్కడ ఏరుకున్నవాటికి తూకం ధర మీద కొంచెం ఎక్కువే ఇచ్చి రండి. రెండోసారి మీకోసం పక్కన పెట్టి ఉంచుతారు.

తర్వాత రిటైరైన మాస్టార్ల ఇళ్లు, మూతబడిన అద్దె పుస్తకాల షాపులు. ఇక్కడ ఎక్కువగా దొరికేది విడి సంచికలు కాదు, సీరియల్ బైండులు. వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలు వారం వారం చింపి, దాచి, ఆఖరి భాగం రాగానే బైండు చేయించుకోవడం చాలా ఇళ్లలో ఆడవాళ్ల అలవాటు. సేకరించేవాళ్లు వీటిని చిన్నచూపు చూస్తారు. నేను చూడను. అట్ట ఉండదు, నిజమే. కానీ కథకు వేసిన బొమ్మలన్నీ వరసగా ఉంటాయి, వెనక పేజీల్లో ఆనాటి ప్రకటనలు ఉంటాయి. ధర తక్కువ. బాపు బొమ్మల కోసం తిరిగేవాళ్లకు ఇంతకంటే మంచి దారి లేదు.

సోవియట్ యూనియన్ తరఫున తెలుగులో వచ్చిన సోవియట్ భూమి పత్రిక అడిగేవాళ్లకు ఒక మాట: ఆ నున్నటి పేజీలతో ఒక తరం పిల్లలంతా పాఠ్యపుస్తకాలకు అట్టలు వేసుకున్నారు. అందుకే పేజీలన్నీ ఉన్న సంచిక కనిపిస్తే వదలకండి.

హెచ్చరిక: గ్రంథాలయం ముద్ర ఉండి, తొలగించినట్లు రాత గానీ రెండో ముద్ర గానీ లేకపోతే కొనకండి. అది దారితప్పిన పుస్తకం. ఆ గ్రంథాలయానికే తిరిగి చేర్చే దారి చూడండి.

శ్రీకాకుళంలో తెలుగు కథల గ్రంథాలయమైన కథానిలయానికి ఒకసారి తప్పకుండా వెళ్లండి. కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) పూనుకుని కట్టించిన ఆ భవనం 1997 ఫిబ్రవరి 22న మొదలైంది. కథలు వచ్చిన పాత పత్రికలు అక్కడ చూడొచ్చు. కొనడానికి కాదు, పోల్చుకోవడానికి వెళ్లండి. పూర్తి సంచిక ఎలా ఉంటుందో, ఎన్ని పేజీలో, అట్ట ఏ మందమో చేత్తో పట్టుకుని చూస్తే తప్ప తెలియదు. మీ దగ్గర అదనపు కాపీ ఉంటే వాళ్లకు కావాలేమో అడగండి.

3. డబ్బు తీసేముందు చూడాల్సినవి

ఇక్కడే చాలామంది తడబడతారు. అట్ట చూసి ముచ్చటపడి, లోపల చూడకుండా కొనేస్తారు. ఈ వరసలో చూడండి.

మొదట పిన్నులు. మధ్యలో పిన్నులు కొట్టిన పత్రికలో పేజీల సంఖ్య 4తో భాగించగలగాలి. అట్టను వేరుగా లెక్కపెట్టండి. ఒక కాగితం మడిస్తే నాలుగు పేజీలు అవుతాయి, కాబట్టి ముందువైపు ఒక ఆకు చిరిగిపోతే వెనకవైపు దాని జోడీ ఆకు వదులై వేలాడుతుంది. సరిగ్గా మధ్య కాగితం తీసి చూడండి. పిన్నుల నుంచి మొదట ఊడిపోయేది అదే. అది పోయినా లెక్క 4తో భాగమవుతుంది, అందుకని పేజీ నంబర్లు కూడా వరసగా తిప్పాలి.

తర్వాత కత్తిరింపులు. కూపన్లు, పోటీల పేజీలు, పిల్లలు అతికించుకోవడానికి కత్తిరించిన బొమ్మలు. చందమామలో ఫొటో వ్యాఖ్యల పోటీ ఉన్న పేజీ తిప్పి చూడండి. దాన్ని కత్తిరిస్తే వెనక కథలో కూడా కిటికీ పడుతుంది. అందమైన ముఖచిత్రాలను చింపి ఫ్రేము కట్టించుకున్న ఇళ్లు మన దగ్గర కొల్లలు. ముందు అట్ట ఉంటే వెనక అట్ట ఉందా అని, వెనక అట్ట ఉంటే అది ఇదే సంచికదా అని చూడండి. ఊడిన అట్టను వేరే సంచికకు తగిలించి అమ్మడం మామూలే. అట్టమీది నెల, లోపలి మొదటి పేజీ మీది నెల కలవాలి.

మూడోది వెలుతురు. ఒక్కో ఆకునూ వెలుతురుకు ఎత్తిపట్టండి. సూది మొన లాంటి చిల్లులు వరసగా కనిపిస్తే పురుగు తిన్నది. మూలల్లో మట్టి గీతలు ఉంటే చెదలు. చిల్లుల పక్కన పొడి ఇంకా రాలుతుంటే లోపల పురుగు బతికే ఉంది.

ఆఖరున ముక్కు. పాత కాగితం వాసన వేరు, బూజు వాసన వేరు. మొదటిది పొడిగా, తియ్యగా ఉంటుంది. రెండోది తడిగుడ్డ మూలన పడేసినట్టు ఉంటుంది. రెండోది వస్తే, ఎంత అరుదైనదైనా ఇంట్లో మిగతావాటి దగ్గరికి తేకండి.

4. ఏ ఏడాదిదో తేల్చడం

అట్ట, మొదటి పేజీ పోయిన సంచికలు బోలెడు దొరుకుతాయి. తేదీ లేదని వదిలేయక్కర్లేదు. చాలావరకు తేల్చవచ్చు.

*ధర చూడండి.* అణాల్లో ఉంటే సాధారణంగా 1957కు ముందుది. 1957 ఏప్రిల్ 1 నుంచి నయా పైసలు వచ్చాయి. 1964 జూన్ 1న "నయా" తీసేసి ఉత్త పైసలన్నారు. కాబట్టి "న.పై." అని ఉంటే ఆ ఏడేళ్ల మధ్యదే. మారిన కొత్తలో రెండు రకాలుగానూ వేసినవి ఉంటాయి, అది చూసి కంగారుపడొద్దు. లోపలి ప్రకటనల్లో సబ్బు ధర, నూనె ధర కూడా ఇదే సాక్ష్యం చెబుతాయి. అట్ట పోయినా ప్రకటన ఉంటుంది కదా.

*అడ్రసు చూడండి.* ఆరంకెల పిన్‌కోడు 1972 ఆగస్టు 15 నుంచి. అంతకుముందు "మద్రాసు-26" అన్నట్టు ఊరి పేరు పక్కన చిన్న అంకె మాత్రమే ఉండేది. అయితే కొన్ని కంపెనీలు పాత అడ్రసు తర్వాత కూడా కొన్నాళ్లు వేశాయి. పిన్‌కోడు ఉంటే 1972 తర్వాతిదని గట్టిగా చెప్పొచ్చు, లేనంత మాత్రాన ముందుదని చెప్పలేం.

*మన జిల్లాల ముద్రలు చూడండి.* ఇది నాకు బాగా ఇష్టమైన ఆనవాలు. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న. రబ్బరు ముద్రలో "విజయనగరం, విశాఖపట్నం జిల్లా" అని ఉంటే ఆ ముద్ర 1979కు ముందు తయారైనది. "బొబ్బిలి, శ్రీకాకుళం జిల్లా" అని ఉంటే 1950-79 మధ్య తయారైనది. ముద్ర చెప్పేది ముద్ర వయసేనని గుర్తుంచుకోండి. పాత ముద్రను అరిగేదాకా వాడే సంస్థలు మనకు తెలియనివి కావు.

*సంవత్సరం పేరు.* భారతి లాంటి పత్రికల్లో తెలుగు సంవత్సరం పేరు ఉంటుంది. ఆ పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగొస్తాయి కాబట్టి లెక్క సులువు: సర్వజిత్తు 1947-48లో వచ్చింది, మళ్లీ 2007-08లో. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, ఉగాది మార్చి-ఏప్రిల్‌లో వస్తుందని మరిచిపోవడం. రుధిరోద్గారి 1923 ఉగాదితో మొదలైంది కానీ, ఆ ఏటి పుష్య, మాఘ మాసాల సంచికలు 1924వి.

*4వ నంబరు ఫారం.* యజమాని, ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుల పేర్లతో ఒక చిన్న పెట్టెలాంటి ప్రకటన కనిపిస్తే అది మార్చి ప్రాంతపు సంచిక. ఏటా ఫిబ్రవరి ఆఖరు తర్వాత వచ్చే మొదటి సంచికలో దాన్ని వేయాలని 1956 నాటి నిబంధన. అందులో ప్రచురణకర్త సంతకం కింద తేదీ కూడా తరచుగా ఉంటుంది. చాలామంది చూడకుండా తిప్పేసే పేజీ ఇది.

ఎలా సరిచూసుకోవాలి? ఏదో ఒక్క ఆనవాలు మీద ఆధారపడకండి. కనీసం రెండు ఒకేమాట చెప్పాలి. వారపత్రిక అయితే తేదీకి, వారానికి పొత్తు కుదిరిందో లేదో ఫోన్‌లోని క్యాలెండర్ వెనక్కి తిప్పి చూడండి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ చాలా పాత పత్రికలను డిజిటల్ చేయించింది. ఆ స్కాన్లు దొరికితే పేజీ పక్కన పేజీ పెట్టి పోల్చుకోవచ్చు.

5. అసలా, నకలా?

స్కాన్లు చేతులు మారడం మొదలయ్యాక ఈ బెడద పెరిగింది. ప్రింటు తీసి, పిన్నులు కొట్టి, టీ డికాక్షన్‌లో ముంచి "ఒరిజినల్" అని అమ్మేవాళ్లున్నారు. పట్టుకోవడం కష్టం కాదు.

వేలి కొసను పేజీ వెనకవైపు మెల్లగా జరపండి. పాత లెటర్‌ప్రెస్‌లో సీసపు అక్షరం కాగితంలోకి నొక్కుకుంటుంది. వెనకవైపు సన్నటి గరుకు తగులుతుంది. దీపాన్ని పక్కనుంచి వాలుగా పెట్టి చూస్తే ఆ నొక్కులు కనిపిస్తాయి కూడా. భూతద్దంలో అక్షరం అంచు చుట్టూ సిరా కాస్త చిక్కగా ఉంటుంది. ఆఫ్‌సెట్‌లో అచ్చయిన తర్వాతి సంచికల్లో ఈ నొక్కు ఉండదు, కాబట్టి నున్నగా ఉన్నదల్లా నకలు అనుకోకండి.

అందుకే అసలైన పరీక్ష గీతలది. చందమామలో శంకర్ వేసిన బేతాళ కథ బొమ్మ ఒకటి తీసుకోండి. విక్రమార్కుడి భుజం మీది శవం, చెట్ల ఊడలు, చీకటి, అన్నీ సిరా గీతలే. పాత సంచికలో ఆ గీతను భూతద్దంలో చూస్తే ఒక చివర నుంచి ఇంకో చివరకు తెగకుండా, నిండు నలుపుగా సాగుతుంది. స్కాన్ నుంచి తీసిన ప్రింటులో అదే గీత చుక్కలుగా విడిపోతుంది, లేదా మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. లేజర్ ప్రింటైతే నలుపు మెరుస్తుంది, తెల్లటి చోట కూడా సన్నటి నల్ల రేణువులు చల్లినట్టుంటాయి.

కాగితం రంగు కూడా చూడండి. సహజంగా ముదిరిన కాగితం అంచుల్లో ఎక్కువ, నడుమ తక్కువ గోధుమరంగులో ఉంటుంది. గాలి, వెలుతురు ముందు తగిలేది అంచులకే. పేజీ అంతా ఒకే రంగు పులుముకుని, మధ్యలో మరకల అలలుంటే డికాక్షనే. ముదురు కాగితానికి తళతళలాడే కొత్త పిన్నులుంటే అడగాల్సిన ప్రశ్న మీకే తెలుసు.

పాత సంచికల పునర్ముద్రణలు మోసం కాదు, చదువుకోవడానికి మంచివే. పునర్ముద్రణ ధరకు కొనండి, అంతే.

6. ధర

"ఎంతొస్తుంది?" అనేవాళ్లకు సూటిగా చెబుతాను: 1980ల తర్వాతి సంచికలకు మీరు ఊహించుకున్నంత రాదు. చాలా ఇళ్లలో ఉన్నాయి. ధర పెరిగేది వయసుతో కాదు. పూర్తిగా ఉండటం, అట్ట శుభ్రంగా ఉండటం, ఒక ఏడాది వరస తెగకపోవడం, ఈ మూడింటితో పెరుగుతుంది. ఆన్‌లైన్‌లో ఒకరు అడుగుతున్న ధర చూసి అదే ధర అనుకోవద్దు. ఎంతకు అమ్ముడైందో చూడాలి. మీ దగ్గర పూర్తి ఏడాది ఉంటే విడదీసి అమ్మకండి.

7. ఇంటికి తెచ్చిన రోజు

నేరుగా బీరువాలో పెట్టకండి. కొత్తగా వచ్చిన కట్టను రెండు మూడు వారాలు వేరే గదిలో, తెల్లకాగితం మీద ఉంచండి. కాగితం మీద పొడి రాలిందంటే పురుగు ఉన్నట్టు. అప్పుడు పత్రిక పూర్తిగా పొడిగా ఉందని నిర్ధారించుకుని, రెండు జిప్ కవర్లలో గాలి తీసి మూసి, సున్నాకు దిగువ 18 డిగ్రీలు ఉండే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టండి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు తెరవొద్దు. తెరిస్తే చల్లటి కాగితం మీద తేమ పేరుకుంటుంది.

దుమ్ము దులపడం వరండాలో, ముక్కుకు మాస్కు కట్టుకుని చేయండి. కుంచెను కుట్టు వైపు నుంచి బయటికి జరపండి. తడిగుడ్డ వద్దు.

ఎండలో పెట్టకండి. పచ్చళ్లకు, పరుపులకు ఎండ మంచిదే. కాగితాన్ని అది పెళుసెక్కిస్తుంది, అట్టమీది ఎరుపును, పసుపును ముందు తినేస్తుంది. నీడలో గాలి తగలనిస్తే చాలు.

8. అతుకులు, బైండింగు

సెల్లో టేపు వేయకండి. పదేళ్లకు టేపు ఊడిపోతుంది, జిగురు గోధుమరంగు మరకగా కాగితంలో ఉండిపోతుంది. ఎవరో ఇదివరకే వేసి ఉంటే పీకకండి, అక్షరాలు కూడా వస్తాయి. ఫెవికాల్ వేస్తే మళ్లీ తీయలేం. లామినేషన్ గురించి ఆలోచనే వద్దు.

తప్పనిసరిగా అతకాల్సి వస్తే మైదాను పలచగా ఉడికించి, వడగట్టి, సన్నటి టిష్యూ కాగితం ముక్కతో అతకండి. ముందు చిత్తుకాగితం మీద చేయి తిప్పుకోండి. బైండర్లు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. మీరు కలపకండి, అది విషం, పైగా రాగి లవణం కాగితాన్ని తొందరగా పాడుచేస్తుంది.

తుప్పు పట్టిన పిన్నులను, మరక కాగితానికి పాకుతుంటేనే తీయండి. మధ్య పేజీ దగ్గర పిన్ను కాళ్లను నిలబెట్టి, వెనకనుంచి మెల్లగా లాగాలి. అవే చిల్లుల్లోంచి నూలుదారంతో కుట్టుకోవచ్చు.

బైండు చేయించాలా వద్దా అని చాలామంది అడుగుతారు. విడిగా ఉన్నవాటిని చేయించొద్దు. బైండరు మూడు వైపులా అంచు కోస్తాడు, అది అతని పనిలో భాగం. ఆ కోతలో పేజీ నంబర్లు, అట్ట బొమ్మ అంచు, ఒక్కోసారి చిత్రకారుడి సంతకం కూడా పోతాయి. ఇదివరకే బైండయి ఉన్నవాటిని విప్పకండి. ఆ బైండు కూడా ఒక ఇంటి చరిత్రే.

9. దాచడం

కవరుకు అంటించే జిగురు మూత ఉంటే ముందు దాన్ని కత్తిరించి పారేయండి. పత్రికను లోపలికి తోసేటప్పుడు అట్టకు అంటుకుని బొమ్మను లాగేస్తుంది. వెనక అట్టముక్క పెట్టి, పత్రికను లోపలికి జరిపి, ఒక వైపు తెరిచి ఉంచండి. పూర్తిగా మూసేస్తే మన వానాకాలపు తేమ లోపలే ఉండిపోతుంది.

పలచటి పత్రికలను పడుకోబెట్టండి, కట్ట జానెడు ఎత్తు దాటకూడదు. బీరువా బయటిగోడకు ఆనకుండా ఉండాలి. అడుగు అర వాడొద్దు, తుపాను నీళ్లు ముందు చేరేది అక్కడికే. అటక కూడా వద్దు, పైన వేడి, ఆపైన కారే కప్పు.

తేమ మీటరు 45-55 శాతం మధ్య చూపిస్తే భేష్. జులై నుంచి నవంబరు దాకా ఇక్కడ అది కుదరదు, 65 దాటకుండా చూసుకోండి. దాటితే బూజు మొదలవుతుంది. నారింజ రంగు సిలికా జెల్ తేమ తాగాక ఆకుపచ్చకు తిరుగుతుంది. ఎండు మూకుడులో సన్నసెగ మీద వేడిచేస్తే మళ్లీ నారింజ అవుతుంది. ఆ మూకుడు ఇక వంటకు పనికిరాదు.

కలరా ఉండలు కాగితానికి తగలకూడదు, పిల్లలు పడుకునే గదిలో అసలు వద్దు. వేపాకు పెడితే పూర్తిగా ఎండినదే పెట్టండి, పచ్చి ఆకు తనే తేమ తెస్తుంది. వసకొమ్ము మూట మా ఇళ్లలో పాత అలవాటు, హాని లేదు. కానీ ఇవేవీ నెలకోసారి బీరువా తెరిచి చూడటానికి బదులు కావు. ప్రతి అరలో అడుగున తెల్లకాగితం పరవండి. దానిమీద పొడి, రెక్కలు, మట్టి కనిపిస్తే ఆ అర మొత్తం దించి చూడాల్సిందే.

10. జాబితా, స్కాన్

నోటుపుస్తకంలో ఒక్కో సంచికకు ఒక వరస: పేరు, నెల, ఏడాది, సంపుటి, సంచిక, ఎన్ని పేజీలు, ఏవి లేవు, ఎక్కడ దొరికింది. పత్రిక మీద రాయకండి. చీటీ మీద పెన్సిలుతో రాసి కవర్లో పెట్టండి. జాబితా ఫొటో ఫోన్‌లో ఉంటే కొట్లో నిలబడి "ఇది నా దగ్గరుందా?" అనే టెన్షన్ ఉండదు.

స్కాన్ చేసేటప్పుడు స్పష్టత (డీపీఐ) లోపలి పేజీలకు 300, అట్టలకు, రంగు బొమ్మలకు 600 పెట్టండి. బైండును స్కానరు మీద నొక్కి పరిస్తే వెన్ను విరుగుతుంది, పైనుంచి ఫొటో తీయండి. ఫోన్ స్కానింగ్ యాప్‌లు కాగితాన్ని తెల్లగా చేసి రంగును చంపేస్తాయి, ఆ సెట్టింగు ఆపేయండి. ఫైలుకు పత్రిక పేరు, ఏడాది, నెల అంకెల్లో పెట్టండి, వరస దానంతటదే కుదురుతుంది.

స్కాన్లు మీకోసం ఉంచుకోండి. పత్రిక పాతదైనంత మాత్రాన హక్కులు పోవు. మన చట్టంలో కళాకారుడు పోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. వపా 1992లో పోయారు, అంటే ఆయన బొమ్మలకు 2052 ఆఖరుదాకా.

11. తుపానులో తడిస్తే

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. రెండూ అక్టోబరులోనే. కాబట్టి సెప్టెంబరు ఆఖరుకే కింది అరలు ఖాళీ చేసి, కట్టలను పాలిథిన్‌లో చుట్టి పైకి చేర్చండి. తుపాను దాటిన రోజే విప్పేయండి, మరిచిపోతే ఆ చుట్టే బూజు పట్టిస్తుంది.

అయినా తడిస్తే పేజీలు విడదీయడానికి లాగకండి. తడి కాగితానికి బలం ఉండదు. కట్టను అలాగే పలకమీద ఎత్తి, నీళ్లు కారనివ్వండి. మామూలు న్యూస్‌ప్రింటు అయితే నిలబెట్టి, విసనకర్రలా కొంచెం విప్పి, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా గదిలో ఆరనివ్వండి. పేజీల మధ్య అద్దుడు కాగితం గానీ, రంగులేని కిచెన్ టిష్యూ గానీ పెట్టి, తడవగానే మారుస్తూ ఉండండి. దినపత్రిక పెట్టకండి, దాని సిరా ఇటు ఎక్కుతుంది.

సోవియట్ భూమి, సినిమా పత్రికల్లో ఉండే నున్నటి ఆర్ట్ పేపరు వేరే కథ. అది ఆరేకొద్దీ ఒక పేజీ ఇంకో పేజీకి అతుక్కుని ఇటుక అయిపోతుంది. అందుకని వాటినే ముందు పట్టుకోండి. తడిగా ఉన్నప్పుడే పేజీకీ పేజీకీ మధ్య కాగితం జొప్పించాలి. రెండు రోజుల్లో అన్నీ ఆరబెట్టలేమనుకుంటే, మిగిలినవాటిని ఒక్కొక్కటీ విడిగా కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో వేయండి. గడ్డకట్టిన కాగితానికి బూజు పట్టదు. కరెంటు లేకపోతే, తుపాను తర్వాత మనకు ఉండదు కూడా, జనరేటరు నడుస్తున్న ఐస్‌క్రీమ్ షాపువాళ్లను అడగండి. తర్వాత తీరిక చూసుకుని రెండేసి మూడేసి బయటికి తీసి ఆరబెట్టుకోవచ్చు.